రేకు ముక్క చూసి ఇచ్చిన మాత్రలు

మొన్న ఆదివారం గుడివాడ నుంచి మా మేనకోడలు బందరు వచ్చి, కాఫీ తాగుతూ ఫోన్‌లో ఓ మాత్రల రేకు ఫొటో చూపించింది. చూస్తే బీపీ మాత్ర. జుట్టు పెరగడానికని ఫోన్‌లోనే తెప్పించుకుంటుందట! డాక్టరు రాశాడా అంటే లేదు, ఎవరో వీడియోలో చెప్పారంది. ముప్పై ఏళ్లు మందుల షాపులో నిలబడినవాణ్ణి, ఒళ్లు మండిపోయి, నీకు బుద్ధుందా అని అరిచేశాను. అది తొణకలేదు.

"అదేంటి మావయ్యా, అమ్మకి నువ్వే ఇచ్చావంటగా? దాంతోనే జుట్టు మళ్లీ వచ్చిందని అమ్మ ఇప్పటికీ చెప్తుంది."



ఇచ్చింది నేనే. బస్టాండు దగ్గర షాపులో చేరి అప్పటికి రెండేళ్లు. మాత్రలు కత్తెరతో కత్తిరించి నాలుగో ఆరో ఇచ్చేవాళ్లం. అవి అయిపోయాక దివిసీమ నుంచీ బంటుమిల్లి నుంచీ వచ్చే జనం జేబులోంచో కొంగు ముడిలోంచో ఖాళీ రేకు ముక్క తీసి చూపిస్తే చాలు, అదే మందు ఇచ్చేసేవాళ్లం. ముక్క ఉంటే డాక్టరు చీటీ ఉన్నట్టే. అది ఎవరికి రాసిన మందో అడిగిన పాపాన పోలేదు.

నాగాయలంకలో అత్తారింట్లో ఉన్న మా చెల్లెలు కాన్పయిన నాలుగో నెలలో అలాంటి ముక్కే పట్టుకొచ్చి, దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు ఊడి వస్తోందని ఏడ్చింది. పక్కింటి పెద్దావిడకి బీపీకని ఆ మాత్ర వాడితే బోలెడు జుట్టొచ్చిందట. కాన్పు తర్వాత ఊడిన జుట్టు చాలామందికి దానంతటదే వస్తుందని చెప్పాల్సిన అన్నని, పెద్ద పనిమంతుడిలా పది మాత్రలు కత్తిరించి చేతిలో పెట్టాను. ఛీ, నా చేతులు పడిపోను!

వారం తిరక్కుండానే దాని కాళ్లు వాచాయి, గుండె దడ పట్టుకుంది, పెరట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఏం మందులు వాడావని డాక్టరు ఎంత గుచ్చి అడిగినా, అన్నయ్య ఉద్యోగం పోతుందని నోరు విప్పలేదు. మాత్రలు ఆపేశాక నెమ్మదిగా కోలుకుంది. కొన్నాళ్లకి జుట్టూ వచ్చింది, ఆ పేరు మాత్రకి దక్కింది. నన్ను కాపాడటానికి అది దాచిన సగం కూతురికి తెలియలేదు. నేనైనా చెప్పానా? సిగ్గులేని మౌనం నాది!

బీపీ చూసి, గుండె పరీక్ష చేసి, కొద్ది మోతాదులో ఆ మాత్రే జుట్టుకి రాసే డాక్టర్లు ఉన్నారు, కాదనను. డబ్బా మీద రాయని వాడకం కాబట్టి, ఈ మనిషికి ఇది పడుతుందా లేదా అని ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చూడాలి. ఆ రోజు ఆ పని డాక్టరుది, నేను మధ్యలో దూరాను.

మేనకోడలికి అంతా చెప్పేశాను. విని ఒక్కటే అడిగింది.

"అప్పుడు నేనేం తాగేదాన్ని మావయ్యా?"

"అమ్మ పాలేనమ్మా."

ఫోన్ బోర్లా పెట్టేసింది. అది జరిగి ముప్పై ఏళ్లు కావస్తోంది. రేకు ముక్కలు పోయి ఫొటోలొచ్చాయి. మందు ఎవరికమ్మా అని అడగాల్సినవాడు ఆనాడు కత్తెర పట్టుకుని ఎదురుగానే ఉన్నాడు, అడగలేదు. ఈనాడు ఫోన్‌లో మందు తెప్పించుకుంటే, అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు.