ఎర్ర అద్దం మింగిన బొట్టు

మా మామను షష్టిపూర్తి కూడా కాకముందే చంపేసిన ఘనత నాది. పోలీసులు రాలేదు, కేసు కాలేదు. కానీ ఎమ్మిగనూరులో మామ వాళ్ళ వీధిలో ఇప్పటికీ నేను బండి దిగితే చాలు, "ఆ అల్లుడే గదా!" అంటూ ఇద్దరైనా తలుపు తీసి చూస్తారు. ఎలా చంపానో చెబుతాను, కాస్త గుండె చిక్కబట్టుకుని వినండి.

ముందు ఆయుధం గురించి చెప్పాలి. ఆదోనిలో కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో నాకు ఫోటోల పిచ్చి పట్టింది. అందరికీ పట్టినట్టు పట్టినా బాగుండేది. నేను పోయి పోయి నలుపు తెలుపు తప్ప మరో రంగు పట్టని డిజిటల్ కెమెరా కొన్నాను. మామూలు ఫోటో తీసి తర్వాత రంగు తీసేయడం వేరు. ఈ కెమెరాకు రంగంటే ఏమిటో పుట్టుకతోనే తెలియదు. దాన్ని చూసి మా మామ కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన హెడ్మాస్టరు.

"రంగు రాదా?"

"రాదు మామా. అదే దీని గొప్ప."

"రంగులొచ్చేది ఫోన్లోనే ఉండె గదప్పా. రానిదానికి దుడ్డిచ్చి తెచ్చినావా?"

ఆ మాట నాకు బాగా తగిలింది. ఆ మనిషి చేత ఒక్కసారైనా మెప్పు పొందాలన్నది అప్పటికి నా జీవితాశయం. షష్టిపూర్తి దగ్గర పడగానే, "ఆహ్వాన పత్రికకు మీ ఇద్దరి ఫోటో నేనే తీస్తా" అన్నాను. మామ గొణిగాడు. మా అత్తమ్మ మాత్రం, పాపం, పట్టుచీర కట్టి, నుదుట ఇంత వెడల్పు కుంకుమ బొట్టు పెట్టుకుని, మిద్దె మీదికి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

లెన్సు ముందు ఎర్ర అద్దం బిగిస్తే నీలాకాశం నల్లగా, మేఘాలు తెల్లగా దిగుతాయని ఎక్కడో చదివాను. బిగించాను. అదే అద్దం ఎరుపును తెల్లబరుస్తుందని కూడా చదివాను గానీ, ఆ ముక్క ఆ పూటకు నా బుర్రలోంచి సెలవు పెట్టి వెళ్ళిపోయింది.

ఆదోనికి తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫోటో ప్రాసెసింగ్ కూడా వంట లాంటిదే, ఎప్పుడు దించాలో తెలియాలి. నాకు తెలియలేదు. నలుపు పెంచాను. మామ ముఖంలో ముడతలన్నీ పైకి తేల్చాను. అంచులు చీకటి చేశాను. చివరికి మామ ఈ లోకాన్ని ఎప్పుడో వదిలేసిన మహానుభావుడిలా తయారయ్యాడు. చూస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. అప్పుడైనా అనుమానం రావాలా వద్దా? రాలేదు! పొద్దున్నే ఆ ఫోటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ఒక్క అక్షరం రాయలేదు. కళాఖండానికి మళ్ళీ వ్యాఖ్యానమెందుకని.

మన ఊళ్ళ సంగతి మీకు తెలుసు. పుట్టినరోజు ఫ్లెక్సీ అయితే రంగులు కళ్ళు పొడుస్తాయి. మనిషి పోతేనే నలుపు తెలుపు. కూడలిలో అలాంటి ఫ్లెక్సీ కనిపిస్తే పేరు చదవకముందే "అయ్యో" అనేస్తాం. నేను స్నానం చేసి వచ్చేసరికి గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు, ఓం శాంతులు. అంతలో ఫోన్ మోగింది. షష్టిపూర్తి పనులకని పుట్టింటికి పోయిన నా భార్య.

"గ్రూపులో ఏం పెట్టినారు మీరు?"

"ఫోటో. ఎట్లుంది?"

"ఎట్లుందా? నాయన పోయినాడనుకుంటాండారు అందరూ! చిప్పగిరోళ్ళు జీపు మాట్లాడుకొని బయల్దేరినారంట!"

"నలుపు తెలుపైతే మాత్రం అట్లా అనుకుంటారా?"

"అమ్మ బొట్టు యాడ?"

ఫోటో పెద్దది చేసి చూశాను. అత్తమ్మ నుదురు నున్నగా, ఖాళీగా ఉంది.

"అది... ఎర్ర అద్దం వేస్తే ఎరుపు కనపడదు..."

"మా అమ్మ బొట్టు పోతే మీరు అద్దమంటారా! ముందు ఆ బొట్టు ఎనక్కి తెప్పీండి!"

తెప్పించడానికి ఆ కెమెరా అసలు రంగు చూస్తే కదా! గబగబా కంప్యూటర్లో గుండ్రంగా ఒక నల్ల బొట్టు గీసి రెండో ఫోటో పెట్టాను. "ఇది దినాలకా?" అని అడిగాడొక పెద్దమనిషి. 'ఆయన బతికే ఉన్నారు' అని రాశాను. "అవును, మన గుండెల్లో" అని జవాబొచ్చింది. ఇక లాభం లేదని బండి తీశాను.

ఎమ్మిగనూరులో మామ వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అత్తమ్మ గడప దగ్గర ఫోన్లో తన ముఖమే చూసుకుంటూ ఏడుస్తోంది. నుదుట మామూలు కంటే రెండింతలు బొట్టు. పక్కనే నా భార్య ఓదారుస్తోంది.

"నీకు నేనేం పాపం సేసినా అప్పా? ఇంత అపశకునం జరిగినాక ఇంగ షష్టిపూర్తి ఏంటికి? వద్దు, ఆపేద్దాం" అంది.

చుట్టాల మాటలకు దారి పొడవునా నవ్వుకున్న నాకు, ఆ మాటతో నిజంగానే ఏడుపొచ్చింది. అంత మంచి మనిషిని ఏడిపించానే అనిపించింది.

అప్పుడే గేటు దబ్బున తెరుచుకుంది. మామ తమ్ముడు, గోనెగండ్ల చిన్నమామ! పొలంలో బోరు ఎక్కడ వేయాలన్న తగాదాతో అన్నదమ్ములకు ఏళ్ళుగా మాటల్లేవు. ఆయన్ను షష్టిపూర్తికి పిలవమని అత్తమ్మ, చస్తే పిలవనని మామ. అలాంటి మనిషి చేతిలో పెద్ద బంతిపూల దండతో, టవల్లో మొహం దాచుకుని, వరండా మెట్ల మీద కూలబడ్డాడు.

"అన్నా! తప్పు నాదే అన్నా! నువ్వు సెప్పిన కాడ బోరు ఏసింటే నీళ్ళు పడుండు! నేనే మొండికి పోయినా! ఆ మాట నీకు సెప్పకముందే పోతివే!"

మామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇంగోసారి సెప్పు. సరిగ్గా ఇనపళ్ళేదు."

చిన్నమామ టవల్ దించాడు. చేతిలో దండ జారి పడింది.

"బతికే ఉండావా?"

"ఉండాను. తప్పు ఎవరిదంటివి?"

"సచ్చినావనుకొని అన్న మాట అది! బతికుంటే సెల్లదు!"

"నా కూతురు ఇనింది, అల్లుడు ఇన్యాడు. సాక్షులుండారు."

"పొద్దున్నే పూలంగడోన్ని నిద్ర లేపి తెచ్చినా గదన్నా దండ!" అంటూ చిన్నమామ అన్నను వాటేసుకుని భోరుమన్నాడు. మామ కళ్ళూ తడిశాయి. అత్తమ్మ వాళ్ళిద్దరినీ చూసి ముక్కు తుడుచుకుంది. "సచ్చినాడని సుద్ది వస్తే ఆయుష్షు పెరుగుతాదంట లే" అని మరిదికి కాఫీ తేవడానికి లేచింది. షష్టిపూర్తి ఎప్పుడన్నది చిన్నమామకు తనే చెప్పింది.

నాకు కాస్త ఊపిరి వచ్చింది. నడి వరండాలో నిలబడి, కుడిచేయి చాచి ప్రమాణం చేశాను. "ఈ జన్మలో ఎర్ర అద్దంతో ముత్తైదువ వైపు తిరగను. గ్రూపులో ఎవరి ఫోటో పెట్టినా, వాళ్ళు ఊపిరి పీలుస్తున్నారని కింద రాసి సంతకం పెడతాను. ఆ దిక్కుమాలిన ఫోటోను ఇప్పుడే తీసేస్తాను."

"ఏయ్, తీసేయొద్దు!" అన్నాడు మామ. "ఫోటో మాత్రం బ్రమ్మాండంగా ఉండాది. దాచిపెట్టు. నిజంగా పోయిననాడు దండ ఏసేకి నాకు అదే కావల్ల."

వంటింట్లోంచి అత్తమ్మ కేక వేసింది.

"దాచేముందు నన్ను కత్తిరించి దాచప్పా!"