భారతమాతకు ఒక చెంబు నీళ్ళు

నా చిన్నప్పుడు కంచరపాలెంలో మేమున్న వరసిళ్ళలో ఎనిమిది గుమ్మాలకూ కలిపి ఒకటే కుళాయి. పొద్దున్న గంటసేపు వచ్చేది. అందులో సగం సేపు దగ్గేది, సగం సేపు తుమ్మేది. మిగిలిన సమయంలో నీళ్ళిచ్చేది.

ఆ ఏడు పంద్రాగస్టుకి బళ్ళో నన్ను భారతమాతగా ఎంచుకున్నారు. అందం చూసి ఎంచుకున్నారని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను గానీ, నిజానికి విరబోసుకోవడానికి చాలినంత జుట్టు క్లాసులో నాకొక్కదానికే ఉండేది. టీచరుగారు తలమీద ఉన్నది చూశారు, తలలో ఉన్నది చూడలేదు. మా అమ్మ ముందురోజే గిన్నెడు ఆముదం పట్టించింది. తెల్లారగానే తలంటు, ఆ పైన కిరీటం.

బిందె పట్టుకుని వెళ్ళేసరికి కుళాయి కింద పక్కింటి అక్క భర్త ఉన్నాడు. ఆయన నేవీలో, సబ్‌మెరైన్‌లో పనిచేసేవాడు. ఎప్పుడు వెళ్తాడో ఎప్పుడొస్తాడో అక్కకే తెలియదు. ఎక్కడికెళ్ళావు బావా అంటే "కిందకి" అనేవాడు, అంతే. ఆయన వచ్చిన సంగతి మాకు ఆయన బట్టల డీజిలు వాసన చెప్పేది. ఆ రోజు మా వరసంతా వరస మరిచిపోయి కుళాయి ఆయనకే వదిలేసేది. ఆ పంద్రాగస్టు పొద్దునా అంతే. తలకీ ఒంటికీ సబ్బు పట్టించుకుని, కూనిరాగం తీస్తూ, బకెట్టు మీద బకెట్టు కుమ్మరించుకుంటున్నాడు. మళ్ళీ సబ్బు రాసుకున్నాడు. ఒక చెంబు నిండిందో లేదో, కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

ఆముదం నా చెంపల మీదుగా కారుతోంది. కోపం కూడా.

"ఏటి బావా, సముద్రం నిండా నీల్లెట్టుకుని మా నీల్లే కావాలేటి నీకు? బళ్ళో నాను భారతమాతని! ఈ జిడ్డు తలతో ఎల్తే అందరూ నవ్వరేటి?"

కళ్ళలో సబ్బు పడి ఆయన కళ్ళు తెరవలేకపోతున్నాడు. అలాగే చెంబు ముందుకు చాపాడు, నాకు కాదు, పక్కనున్న ఎదురింటివాళ్ళ మేకకి.

"భారతమాతవేటే! అలగైతే ముందే సెప్పొద్దేటి బుల్లీ? ఇందా, పట్టు. ఆయమ్మకి కాకపోతే ఇంకెవులికిత్తాం?"

ఒక్క చెంబుతో తలంటేమిటని నేను మళ్ళీ రాగం మొదలుపెట్టాను. "సాలు సాలు, మా కాడ ఇది పండగ" అంటూ అక్క చేత శనగపిండి తెప్పించాడు. కళ్ళు మూసుకునే హుకుములిచ్చాడు. ముందు పొడిపిండితో నూనె లాగాలి. తడిగుడ్డతో తుడవాలి. ఆ తర్వాతే నీళ్ళు, అవి కూడా పిచ్చుక తాగినంత చొప్పున. అక్క అలాగే చేసింది. ఆఖరి చుక్క నా తలమీద పడ్డాక, ఆయన తన ఒంటిమీది సబ్బుని తువ్వాలుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.

అక్క నా జుట్టు చిక్కు తీస్తూ మెల్లగా అంది. "నెల్లాల్లు దాటిందే ఆయన నీల్లోసుకుని. అక్కడ మొకం కడుక్కోడానికే మగ్గుడు నీల్లంట. సుట్టూ సముద్రమే, సుక్క పనికిరాదు."

తల జిడ్డు వదిలింది. నేనన్న మాట మాత్రం నాకే అంటుకుని వదల్లేదు.

బళ్ళో భారతమాత కదలకూడదు. జెండా పట్టుకుని చిరునవ్వుతో నిలబడితే పిల్లలొచ్చి సెల్యూట్ చేస్తారు. జనం వెనక అక్క పక్కన బావ కనిపించాడు. ఎండిన సబ్బుతో కనుబొమలు తెల్లగా ఉన్నాయి. వీపు గోడకేసి రుద్దుకుంటూనే, నన్ను చూసి మురిసిపోతున్నాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. భారతమాతే సెల్యూట్ కొట్టింది. జెండా కర్ర ఆ చేతిలోనే ఉందని గుర్తొచ్చేసరికి పక్కనే నిలబడ్డ హెడ్మాస్టరుగారి కళ్ళజోడు గాల్లో ఉంది. ఆ కుదుపుకి జుట్టులో దాగిన శనగపిండి భుజాల మీదకి రాలింది. జెండా మాత్రం నేను వదల్లేదు. బడంతా పగలబడి నవ్వింది. బావ నవ్వలేదు. గోక్కోవడం ఆపి, నిటారుగా నిలబడి, తిరిగి సెల్యూట్ చేశాడు.

ఇప్పుడు కూర్మన్నపాలెంలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. పై అంతస్తులో నేవీ కుర్రాడొకడు, అతని భార్య. మొన్న అతను చాలా రోజులకి ఇంటికొచ్చిన పొద్దున పైపుల్లో గంటసేపు ఒకటే హోరు. తర్వాత ట్యాంకు ఖాళీ. అప్పటికి నా తలమీద షాంపూ ఉంది. నీళ్ళన్నీ ఎవరు తగలేశారని వాట్సాప్ గ్రూపులో అందరూ కేకలు. ఒక కన్ను మూసుకుని, ఒక్క వేలితో "నేనే" అని కొట్టి పంపించాను.

బకెట్టు అడుగున ఒక చెంబు నీళ్ళున్నాయి. వాటిని ఎలా సరిపెట్టాలో నాకు తెలుసు.