పెద్ద చేతి చిటికెడు

బస్సుల షెడ్డులో ఆయన అసలు పేరు జీతాలు పంచే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందరికీ ఆయన గరిటె బాబాయే. మెకానిక్కులు, డ్రైవర్లు, టైర్లు మార్చేవాళ్ళు, ఎవరితోనూ చనువుగా ఉండని మేనేజరు కూడా మధ్యాహ్నం అయ్యేసరికి క్యాంటీన్‌లోకి తల దూర్చి, "బాబాయ్, ఇవాళేంటి?" అని అడగాల్సిందే.

ఆయనకి కోపం తెప్పించడం చాలా తేలిక. పళ్ళెంలో కాస్త కూర వదిలేసి లేస్తే చాలు. గరిటె పట్టుకునే వచ్చి ఎదురుగా నిలబడేవాడు.

"ఏం, బాగా కుదర్లేదా?"

"కడుపు నిండిపోయింది బాబాయ్."

"నిండితే మాత్రం? ఆ రెండు ముద్దలకీ చోటు లేకుండా పోయిందా?"

పాపం ఆ మెకానిక్కు నవ్వుతూ మళ్ళీ కూర్చుని పళ్ళెం ఊడ్చి లేచేవాడు. తిట్లు తినడం కన్నా కూర తినడం నయం కదా. బాబాయి మాత్రం గెలిచినవాడిలా మీసం దువ్వుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళేవాడు. పళ్ళెం ఖాళీ అయితే మెచ్చుకున్నట్టు, మిగిలితే మొహం మీద ఉమ్మినట్టు. ఆయనకి మధ్యలో ఇంకో అర్థం లేదు. ఆ గుణమే చివరికి ఆయన కొంప ముంచింది.

ఆయన వంటకి కొలతలు ఉండేవి కావు. మనిషి నిలబడితే నడుము దాకా వచ్చే గుండిగల్లో కూర ఉడుకుతుంటే చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్ళి వచ్చేది, అంతే. ఎంత వేశావని అడిగితే "సరిపడా" అనేవాడు. వంట నేర్పిన ముసలాయన దగ్గర ఒక్క సూత్రం మాత్రం పట్టుకున్నాడు. ఉప్పు మొదట్లోనే వేస్తే ఉడుకులో దాని పొగరు అణిగిపోతుంది, చివర్లో వేసిందే మనిషిని పట్టుకుంటుంది. రుచి విషయంలో అందులో ఎంతో కొంత నిజం ఉందేమో. ఒంటి విషయంలో లేదు. ఆ తేడా ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు.

ఇంట్లో వంట కూడా ఆయనదే. పెళ్ళైన కొత్తలో భార్య ఒకసారి కూర వండి గిన్నె మాడ్చేసింది. "అమ్మా తల్లీ, నీకో దండం. నువ్వు మిషను చూసుకో, పొయ్యి సంగతి నేను చూసుకుంటా" అని ఆయన నవ్వుతూ గరిటె లాక్కున్నాడు. అప్పటి నుంచి ఆవిడ ముందు గదిలో కుట్టుమిషను, ఆయన వెనక వంటగది. పాత బట్టలు బిగించాలన్నా, వదులు చెయ్యాలన్నా ఆ వీధి వీధంతా ఆవిడ దగ్గరికే వచ్చేది. ఇద్దరి మధ్యా తలుపు ఉండేది కాదు గనక రోజంతా ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉండేవారు. తమాషా ఏమిటంటే అన్ని మాటల్లోనూ అసలు మాట మాత్రం పడలేదు.

ఆవిడకి ముందు పాదాలు వాచాయి. పొద్దస్తమానం మిషను తొక్కితే వాయవా అనుకున్నారు. తర్వాత పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బు కనబడింది. నిద్ర చాల్లేదనుకున్నారు. చివరికి ఆస్పత్రికి వెళితే డాక్టరు పరీక్షలు చేయించి, రక్తపోటు ఎన్నేళ్ళుగానో లోపల్లోపల పని కానిచ్చేసిందని, రెండు కిడ్నీలూ సగానికి సగం దెబ్బతిన్నాయని చెప్పాడు. మిగిలినదాన్ని కాపాడుకోవాలంటే మాత్రలు మానకూడదు, ఉప్పు బాగా తగ్గించాలి.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"నేనేనండీ" అన్నాడు బాబాయి, బడిలో చెయ్యెత్తిన పిల్లాడిలా.

"అయితే సగం వైద్యం మీ చేతిలోనే ఉంది."

ఆ మాటకి ఆయన ఉబ్బిపోయాడు. దారిలో భార్యతో "విన్నావా? నేనూ డాక్టర్నే ఇక" అని వేళాకోళం ఆడాడు కూడా. ఆవిడ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

చెప్పింది చెప్పినట్టే మొదలుపెట్టాడు. ఆవిడకి వేరే గిన్నె పెట్టాడు. అందులో ఉప్పన్నదే లేదు. వెల్లుల్లి దంచి వేశాడు, మిరియాలు వేశాడు, నిమ్మకాయ పిండాడు. పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ నాలుగు ముద్దలు తిని పళ్ళెం పక్కకి జరిపింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఏమీ అనేది కాదు. వంక పెట్టదు, మొహం చిట్లించదు. సగం తిని లేచి వెళ్ళి మిషను ముందు కూర్చునేది.

షెడ్డులో అందరినీ నిలదీసే మనిషి ఇంట్లో భార్యని ఒక్క మాట అడగలేదు. ఏం చెబుతుందోనని భయం. "ఇది తిండేనా?" అంటే తట్టుకోలేడు. ఆ మిగిలిన కూర తనే తినేవాడు. తింటుంటే దుఃఖం వచ్చేది. ఇన్నేళ్ళు ఊరందరికీ వండి, కట్టుకున్నదానికి చప్పిడి కూడు పెడుతున్నానే అని కుమిలిపోయాడు. మనిషి కూడా చిక్కిపోతోంది. జబ్బు కంటే ముందు నా వంటే దీన్ని చంపేలా ఉందనుకున్నాడు.

ఒక రోజు కూర ఉడుకుతుంటే చెయ్యి దానంతట అది డబ్బాలోకి వెళ్ళింది. చిటికెడు. మొదట్లోనే వేశాడు, ఉడుకులో పొగరు చస్తుందని. పైన నిమ్మకాయ గట్టిగా పిండాడు, ఉప్పు తెలియకుండా.

ఆ రోజు ఆవిడ పళ్ళెం ఖాళీ చేసింది.

"ఇవాళ ఏం వేశారండీ?"

"ఏముంది, నిమ్మకాయ. కాస్త ఎక్కువ పిండా."

ఆయన వంటగదిలోకి వెళ్ళి గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అది మోసమని ఆయనకి తోచనే లేదు. ప్రేమ అనుకున్నాడు. ప్రేమ కాదనలేం కూడా. కానీ కిడ్నీలకి ఆ తేడా తెలియదు కదా.

అలా రోజూ చిటికెడు. ఆవిడ తింటోంది, మనిషి తేరుకుంటోంది. ఆవిడ చెల్లెలు చూడ్డానికి వచ్చి ఆశ్చర్యపోయింది. "బావా, మా అక్కకి ఏం మందు పెట్టావ్? ఉప్పు లేకుండా ఇంత లొట్టలేసుకుంటూ తింటోంది!" అని ఆటపట్టించింది. మరదలి మెచ్చుకోలుకి ఆయన ఇంకో అంగుళం పెరిగాడు. భార్య అయితే బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళందరికీ మొగుడి గొప్ప చెప్పుకునేది. ఆస్పత్రిలో తిండి సంగతులు చూసే డైట్ మేడంకి కూడా చెప్పింది.

రక్తపోటు మాత్రం దిగలేదు. వాపులు మళ్ళీ వచ్చాయి. డాక్టరు కాగితాలు చూసి "ఉప్పు పూర్తిగా మానేశారు కదా?" అని అడిగేవాడు. "రవ్వ కూడా లేదండీ, ఆయన చాలా జాగ్రత్తగా వండుతారు" అని ఆవిడ పూచీ పడేది. పక్కన కూర్చుని బాబాయి తన చెప్పులకేసి చూసుకునేవాడు. అయితే జబ్బే మొండిదన్నమాట అని డాక్టరు ఇంకో మాత్ర రాసేవాడు. ఆ మాత్రలకి ఆవిడకి కళ్ళు తిరిగేవి. ఒకసారి మిషను మీదనుంచి లేస్తూ గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆ రోజు ఆయన రేపట్నుంచి మానేస్తానని గట్టిగా అనుకున్నాడు. రేపు వచ్చింది. పళ్ళెం మిగులుతుందేమోనని చెయ్యి మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది. చిటికెడే కదా, అదీ ఉడికిందే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఈలోగా డైట్ మేడం కబురు పెట్టింది. ఉప్పు తినకూడని రోగులనీ వాళ్ళ ఇంటివాళ్ళనీ కూర్చోబెట్టి ఓ తరగతి పెడుతున్నాం, మీరు వచ్చి ఒక కూర వండి చూపించాలి అని. ఆయన ఎన్ని సాకులు చెప్పినా భార్య సాగనివ్వలేదు. తనే ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగించి వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. ముందు వరసలో కూర్చుంది.

వంటకి ముందు మేడం ఒక చిన్న త్రాసు, ఉప్పు గిన్నె బల్ల మీద పెట్టింది. "అందరూ చిటికెడే వేస్తున్నామంటారు. ఎవరి చిటికెడు ఎంతో చూద్దాం రండి" అంది. ఒక్కొక్కరే వచ్చి వేళ్ళతో తీసి కాగితం మీద వేశారు. కాస్త ఎక్కువా, కాస్త తక్కువా. చివర్లో "మాస్టారూ, మీరు?" అంది.

బాబాయి చెయ్యి చాచాడు. మూడు వేళ్ళు కాదు, అయిదు వేళ్ళూ దిగాయి. అంతమందికి వండీ వండీ ఆ చేతికి చిటికెడంటే అదే. కాగితం మీద చిన్న గుట్ట పడింది. మేడం తూచి, "ఇది ఒక రోగి రోజంతా తినాల్సినదానికంటే ఎక్కువ" అంది. గదంతా గొల్లుమంది. "బస్సు మొత్తానికీ కలిపి వేశాడు!" అన్నారెవరో. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన భార్యే. ఇంట్లో ఆయన ఉప్పు ముట్టడు కదా, ఆవిడకేం భయం?

ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. ఆ గుట్టకేసి చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ రోజూ కట్టుకున్నదానికి నేను పెట్టింది ఇదా అనుకున్నాడు. నెమ్మదిగా, ఎంతో మామూలుగా ఉన్నట్టు మొహం పెట్టి, "మరి మేడం, ఉడికిస్తే దాని బలం తగ్గిపోతుంది కదా?" అని అడిగాడు.

"ఎక్కడికి పోతుంది మాస్టారూ? గిన్నెలో వేసింది గిన్నెలోనే ఉంటుంది."

ఆ తర్వాత ఆయన వండాడు. ఈసారి నిజంగానే ఉప్పు లేకుండా వండాడు. వెల్లుల్లి, మిరియాలు, నిమ్మకాయ. తలా ఒక చెంచా పంచారు. ఫరవాలేదే అన్నారు అందరూ. ఆయన ఎవరినీ చూడలేదు, భార్య మొహమే చూస్తున్నాడు. ఆవిడ నోట్లో పెట్టుకుంది. నవ్వు ఆగింది. ఇంకో చెంచా తీసుకుని మళ్ళీ రుచి చూసింది. తలెత్తి ఆయనకేసి చూసింది.

పక్కనున్నామె "ఇంట్లోనూ ఇలాగే ఉంటుందా అక్కా?" అని అడిగింది.

"ఇలాగే" అంది ఆవిడ. "అచ్చం ఇలాగే."

నలుగురిలో మొగుడి పరువు కాపాడింది. ఇంటికి వచ్చి తలుపు వేశాక అడిగింది.

"ఎన్నాళ్ళనుంచి?"

ఆయన చెప్పేశాడు. "నువ్వు తినడం మానేశావే. సగం సగం వదిలేసి లేస్తుంటే నేను చూళ్ళేకపోయా. చప్పిడి తిని చస్తావేమోనని..."

ఆవిడ మంచం మీద కూలబడింది.

"తినలేకపోయింది చప్పిడి వల్ల కాదండీ. ఆ మొదటి మాత్రలకి కడుపులో తిప్పేది. మేడం చెప్పింది, మొదట్లో అలాగే ఉంటుంది, అదే సర్దుకుంటుందని. సర్దుకుంది. ఆకలేసింది, తిన్నా. అంతే."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే అది వండనా ఇది వండనా అని ప్రాణం తీస్తారని చెప్పలేదు. మీరు అడగనూ లేదు."

ఆయనకి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. ఆవిడా ఏడ్చింది. కానీ ఆయన భుజం మీద తల వాల్చలేదు.

తర్వాత ఆవిడే పట్టుబట్టి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన నోటితోనే చెప్పించింది. డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. డాక్టరు కలం కింద పెట్టి, "నేను జబ్బు మీద కోపంతో మాత్రలు పెంచుకుంటూ పోయాను" అన్నాడు. వాటిలో రెండు కొట్టేశాడు. ఇప్పుడు కిడ్నీలు ఎంత మిగిలాయో చెప్పాడు. రక్తాన్ని కడిగే మిషను మీదికి ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళాల్సిందేనని, ఇకనుంచైనా జాగ్రత్తగా ఉంటే దాన్ని కాస్త వెనక్కి నెట్టొచ్చని అన్నాడు. పోయింది మాత్రం తిరిగి రాదన్నాడు.

ఇంటికి రాగానే బాబాయి అలవాటుగా వంటగదిలోకి వెళ్ళి కత్తిపీట తీశాడు. వెనకనుంచి ఆవిడ వచ్చి నెమ్మదిగా ఆ కత్తిపీట అందుకుంది.

"నా వంట నేను చేసుకుంటానండీ."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బతిమాలుకునేవాడు. ఆయన పక్కకి తప్పుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కూరగాయ ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మంట ఎక్కువైంది, అడుగంటుతున్న వాసన వస్తోంది. అన్నీ తెలుస్తున్నాయి, నోరు మెదపలేదు. ఆ మర్నాడు కూడా ఆవిడే వండుకుంది. ఆ తర్వాతా అంతే. షెడ్డులో అంతమందికి పెట్టి వచ్చే మనిషి ఇంట్లో పెళ్ళానికి ఒక ముద్ద పెట్టే అర్హత పోగొట్టుకున్నాడు. క్యాంటీన్‌లో ఇప్పుడు ఎవరైనా కూర వదిలేసి లేస్తే, ఆయన గరిటె పట్టుకుని రావడం లేదు. "ఒంట్లో బాగుందా నాయనా?" అని అడుగుతున్నాడు.

ఒక ఆదివారం ఆవిడ తన గిన్నెలోంచే ఆయనకీ వడ్డించింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన రెండు ముద్దలు తిన్నాడు.

"ఎలా ఉంది?" అని అడిగింది.

బాగుందని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "చప్పగా ఉంది. కాస్త మాడింది కూడా."

ఆవిడ తలూపింది. ఆయన తల వంచుకునే అడిగాడు.

"ఆ రోజుల్లో ఉప్పు వెయ్యనా అని నిన్ను అడిగుంటే ఏమనేదానివే?"

"వద్దనేదాన్ని" అంది ఆవిడ. "వద్దని, మీరు పెట్టిన చప్పిడే తినేదాన్ని."