అన్న నొక్కలేని బటన్

మొన్న మా ఇంట్లో కొత్త రౌటర్ పెట్టడానికి వచ్చినతను ఫోన్‌లోనే పని ముగించి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. కంప్యూటర్లో ఉన్నది విండోసా, ఇంకేదైనా సిస్టమా అని కూడా అడగలేదు. ఆ ప్రశ్న లేకుండా ఆ పని అయిపోవడం నాకు వింతగా అనిపించింది.

రెండువేల పదకొండులో చిక్కడపల్లిలో ఒక మేడగదిలో నాతోపాటు ఒక అన్న ఉండేవాడు. నల్లగొండ వైపు పల్లె. పుట్టుకతోనే చూపు లేదు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాడు. నేను కాలేజీ గడప పెద్దగా తొక్కకపోయినా, అశోక్‌నగర్ గ్రంథాలయంలో కంప్యూటర్ పత్రికలన్నీ అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి. ఆ ధీమాతోనే అన్న పాత కంప్యూటర్లో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ అనే సిస్టం ఎక్కించాను. తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే ఏర్పాటు అందులోనే ఉండేది. ఆ గొంతు ముక్కుతో పలికినట్టుండేది. "మా బావకు సర్ది జేస్తె గిట్లనే మాట్లాడ్తడు," అని అన్న నవ్వేవాడు.

చిక్కల్లా నెట్‌తో వచ్చింది. రోజూ కేబుల్ నెట్ వాళ్ల పేజీలో పేరు, పాస్‌వర్డ్ కొట్టి, ఒక బటన్ నొక్కాలి. ఆ బటన్‌లో చదవడానికి అక్షరాలు లేవు, ఉత్త బొమ్మ. దాని దగ్గరికి రాగానే ఆ గొంతు మూగబోయేది. "మా పేజీ విండోస్‌కే జేసిర్రన్నా, గిదేందో నాకు తెల్వది," అన్నాడు నెట్ అతను. అందుకని పొద్దున్నే నేను నొక్కి గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. మధ్యలో నెట్ తెగితే, నేను వచ్చేదాకా అన్న చదువు ఆగిపోయేది. రౌటర్ కొంటే పేరు, పాస్‌వర్డ్ అదే గుర్తుపెట్టుకుని, బటన్ నొక్కే పని లేకుండా నెట్ కలుపుతుందని ఒక పత్రికలో చదివి, ఒకటి కొన్నాం. తీరా దాని సెట్టింగుల పేజీ మా లినక్స్ బ్రౌజర్‌లో తెల్లకాగితంలా కనిపించింది. దాన్ని నారాయణగూడలోని నెట్ సెంటర్‌కు మోసుకెళ్లి, అక్కడి విండోస్ కంప్యూటర్లో సరిచేసుకొచ్చాం. మర్నాడు అన్న నన్ను గది నుంచి తరిమేశాడు. "నువ్వు పో తమ్మీ, ఇగ నాకు నీతోని పనిలేదు." ఆయన అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఎండాకాలం బంధువుల పెళ్లికని నేను ఊరెళ్లాను. ఇక్కడ గదిలో కరెంటు పోయి వచ్చేసరికి, ఆ చవక రౌటర్ అన్నీ మరిచిపోయి మళ్లీ పాత పేజీనే తెచ్చి ముందు పెట్టింది. ఆ రోజుల్లోనే ఒక ఉద్యోగ ప్రకటన పడింది, వయోపరిమితి లెక్కన అన్నకు అదే చివరి దరఖాస్తు. అదీ నెట్‌లోనే నింపాలి. నేను తిరిగి వచ్చేసరికి కంప్యూటర్ ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు, భీమవరం వైపు మనిషి, కళ్లు ఒత్తుకుంటోంది.

"కింద నేనున్నాను కదా నాయనా. ఒక్క కేక వేస్తే వచ్చి నొక్కేదాన్ని కదా."

"నొక్కుతరమ్మా. పుట్టినకాడికెల్లి నాకు అందరు నొక్కుతనే ఉన్నరు. గీ ఒక్కటన్న నేనే నింపుకుందామనుకున్న." తర్వాత నా వైపు తిరిగాడు. "తారీఖు నిన్నటితోని అయిపోయింది తమ్మీ. నా వయసు గూడ."

ఆ నెలలోనే గది ఖాళీ చేసి ఊరెళ్లిపోయాడు. కొన్నేళ్లకు ఆ నెట్ వాళ్లు పేజీ మార్చారు. ఏ సిస్టంలోనైనా, ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకునేది, బటన్‌ను కూడా ఆ గొంతు చక్కగా చదివేది. కాలం అన్నిటినీ సరిచేస్తుందంటారు. చేస్తుంది, కాకపోతే అది అవసరమైన మనిషి లేచి వెళ్లిపోయాక.