రాహేలు కోసం రెండో ఉత్తరం

రాహేలు ఒక పని పట్టిందంటే అంతు చూడందే వదలదని వరంగల్ కొత్తవాడలో అందరికీ తెలుసు. జంపఖానాలో ఒక్క వరుస వంకర పోయినా, నేసిందంతా విప్పించి మళ్లీ మొదలుపెట్టించే మనిషి. నేతగాళ్లు ఆమె ముందు గొణుక్కుంటారు. ఇంటికెళ్లి పిల్లలకు మాత్రం ఆమెనే ఉదాహరణగా చూపించి బుద్ధులు చెబుతారు.

తండ్రి దేవదానం చర్చిలో గంట కొట్టేవాడు. రాహేలు నూలు అద్దకం చదువుకుని, కెనడాలో జంపఖానాలు అమ్మే ఒక చిన్న కంపెనీలో చేరి, ఏళ్ల తరబడి ఒళ్లు వంచి పనిచేసి అక్కడ శాశ్వత నివాస హక్కు సంపాదించింది. ఆ కంపెనీయే మూడున్నరేళ్ల కింద ఆమెను కొత్తవాడ నేతగాళ్ల సొసైటీకి పంపింది. ఇక్కడి నేత నాణ్యత చూసుకోవాలి, పని అయ్యాక కెనడాకు తిరిగెళ్లి డిజైన్ విభాగం నడపాలి.

తన పనేదో తాను చూసుకుని ఊరుకుంటే రాహేలు ఎందుకవుతుంది? వెడల్పు జంపఖానా నేయాలంటే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. భర్త చనిపోయాక మల్లక్కకు జోడీ లేక మగ్గం మూలపడింది. ఒక సాయంత్రం రాహేలు వెళ్లి ఆ ఖాళీ చోట కూర్చుంది. “నీకేం పట్టిందే బిడ్డా, పొద్దంతా చేసింది సాలదా?” అని మల్లక్క తిట్టింది. తిడుతూనే జరిగి చోటిచ్చింది. అప్పటినుంచి రోజూ రెండు గంటలు ఆ చోటు రాహేలుదే.

ఈ ఏడు ఆమె శాశ్వత నివాస కార్డు గడువు ముగుస్తోంది. అయిదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ దేశంలో ఉండాలని నియమం. రాహేలు ఉన్నది ఏడాదిన్నరే. అయితే అక్కడి కంపెనీయే తాత్కాలికంగా బయటి దేశానికి పంపితే ఆ రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. కంపెనీ తన వంతు ఉత్తరం ఇచ్చింది. సొసైటీ నుంచి కూడా ఒకటి కావాలన్నాడు కార్డు పని చూస్తున్న వకీలు. ఈ హక్కు పోయిందంటే ఆమె కోసం ఆపి ఉంచిన ఆ ఉద్యోగమూ పోతుంది.

సొసైటీ అధ్యక్షుడు కుమారస్వామికి డెబ్బై రెండేళ్లు. అడగ్గానే మురిసిపోయి, రెండు పేజీలు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. రాహేలు చదివి తల పట్టుకుంది. “రాహేలు మా సొసైటీ బిడ్డ. ఎప్పటికీ మా దగ్గరే పనిచేస్తుంది. ఆమెను మేము ఎక్కడికీ పంపము.” మన దగ్గర మనిషిని మెచ్చుకోవాలంటే ఇంతకన్నా గొప్పగా ఎవరు రాస్తారు! పాపం, ఆయన మనసులో ఉన్నదే రాశాడు.

“కాకా, ఇది పంపితే నా కార్డు పోతది.”

“మంచిగనే రాసిన గద బిడ్డా!”

“కొన్నాళ్ల కోసమే వచ్చిననని, జీతం కంపెనీ ఇస్తాందని, జూన్ల తిరిగి పోతనని రాయాలె. ఉన్నదున్నట్టు రాయి, సాలు.”

కుమారస్వామి ముఖం చిన్నబోయింది. “అంటే నిజంగనే పోతానవా? మరి మల్లక్క మగ్గం?”

ఆ ప్రశ్న రాహేలును ఎన్నో రోజులుగా తొలుస్తున్నదే.

“ఆ ఫికర్ నాకూ ఉన్నది కాకా,” అంది.

సొసైటీ ఆఫీసు పక్క గదిలోంచి మల్లక్క గొంతు ఖంగుమంది. “నా మగ్గం కోసం బిడ్డ బతుకు ఆగం జేస్తవా? సప్పుడు జేయక రాయి!”

మర్నాడు పొద్దున్నే కుమారస్వామి రెండో ఉత్తరం తెచ్చాడు. ఒక్క పేజీయే. వచ్చిన తేదీ, పోయే తేదీ, జీతం సంగతి అన్నీ ఉన్నాయి. అన్నీ నిజాలే. చివర ఎవరూ అడగని ఒక వాక్యం ఉంది. “జూన్ పదిహేను తర్వాత మల్లక్క మగ్గం మీద రాహేలు చోట నేను కూర్చుంటాను.”

ఆయన మగ్గం దిగి పన్నెండేళ్లు దాటింది.

“మోకాళ్లు జర సతాయిస్తయి, అంతే,” అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

ఆ వాక్యం అధికారులకు అక్కర్లేదు, తీసేయమన్నాడు వకీలు. రాహేలు ఒప్పుకోలేదు. అలాగే పంపించింది.

మళ్లీ చేయి అలవాటు కావాలని ఆ సాయంత్రమే మల్లక్క పక్కన కుమారస్వామి కూర్చున్నాడు. రాహేలు వెనక నిలబడింది. మొదటి వరుసే వంకర పోయింది.

“విప్పు కాకా,” అంది రాహేలు కళ్లు తుడుచుకుంటూ. “మళ్ల మొదలువెట్టు.”