ఉరిమితే వైరు పీకెయ్యాలి

అట్టపెట్టె మూత తెరవగానే వచ్చిన వాసనకు ఒక్క పేరు పెట్టలేను. కాలిన సర్క్యూటు బోర్డు, నాఫ్తలీన్ ఉండలు, పాత ప్లాస్టిక్, కాస్త కర్పూరం కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. అది మా బాబాయి గది వాసన. పోయిన నెల నరసన్నపేటలో ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక ఖాళీ చేసినప్పుడు, "నీ లైనే కదా, నువ్వే ఉంచుకో" అని ఆయన విజయనగరంలో ఉన్న నాకు పంపించిన పెట్టె ఇది. పైన పదకొండు చార్జర్లు, ఒక్కొక్కదానికి కాగితం ముక్క కట్టి, "నమ్మవచ్చు", "నమ్మరాదు", "చూడాలి" అని ఆయన గుండ్రటి చేతిరాత. వాటి కింద ల్యాండ్‌లైను మోడెమ్, దాని కింద స్క్రూలు పోసిన స్టీలు డబ్బా. డబ్బా మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు చదివాక మిగతా పెట్టె చూడబుద్ధి కాలేదు. పైడమ్మ, కళింగపట్నం అని ఉంది.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు, రైసుమిల్లులో మోటార్లు చూసేవాడు. కొత్త వస్తువంటే ఆయనకెంత పిచ్చో అంత అనుమానం. మా వీధిలో ఎవరు ఫోను కొన్నా ముందు తెచ్చి ఆయనకు చూపించాల్సిందే. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర ఊపి, వాసన చూసి, చివరికి పెదవి విరిచేవాడు. చార్జరు చేతిలో బరువుగా ఉంటే అసలుది, తేలిగ్గా ఉంటే దొంగది. అంత పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు మోగిస్తున్న ఫోను లోపల ఇంకేదో లోటు కప్పిపుచ్చుకుంటోందన్న మాట. ఇక యాంటీవైరస్ సంగతి ఎత్తితే, "గొడుగులమ్మీవోడు వాన రావాలనే కదేటి మొక్కుకుంటాడు" అనేవాడు. కంప్యూటరు పైనున్న కెమెరా కంటికి మా సుజాతక్క స్టిక్కరు బొట్టు అంటించి పెట్టేవాడు. బొట్టు ఊడిపోతే ఇంకొకటి అంటించేదాకా ఎవరూ దాని ముందు కూర్చోకూడదు.

నాకు పదేళ్ళప్పుడు ఇంట్లోకి వచ్చిన ఆ కంప్యూటరుకు అమ్మ పాతచీర చింపి కుట్టిన ముసుగు, చెప్పులు బయట విప్పి వెళ్ళాల్సిన గది, ఎండాకాలం ముంజలు తిన్న చేత్తో గానీ, పనసతొనలు ఒలిచిన జిగురు చేత్తో గానీ ముట్టుకుంటే వీపు విమానం మోత. దసరాకి నాన్న కొడవళ్ళు, పారలు, మిల్లు నుంచి తెచ్చిన స్పానర్ల పక్కన మౌసుకు కూడా పసుపు రాసేవాళ్ళం. ఒక ఏడు కీబోర్డుకు అమ్మ బొట్టు పెట్టిన చోట కుంకుమ లోపలికి దిగి, ఆ మీట నొక్కితే పైకి లేవడం మానేసింది. బాబాయి అమ్మను ఏమీ అనలేక, ఆ ఏడంతా కుంకుమ కల్తీదని కొట్టువాణ్ణి తిట్టాడు.

ఆయన చట్టాలన్నిటిలో పెద్దది వైరు చట్టం. ఎదురింటివాళ్ళ టీవీ పిడుగుకు కాలిపోయిన నాటి నుంచి, ఆకాశంలో ఉరుము వినబడితే ఎవరు దగ్గరుంటే వాళ్ళు మోడెమ్ వైరు పీకెయ్యాలి. చేతిలో అన్నం ముద్ద ఉన్నా సరే, వదిలేసి పరిగెత్తాలి. ఆకుమళ్ళు పోసే రోజుల్లో మా వైపు సాయంత్రాలు ఎలా ఉంటాయంటే, మధ్యాహ్నం దాకా ఒళ్ళు కాల్చిన ఎండ ఉన్నట్టుండి ముఖం మాడ్చుకుని, తడిమట్టి వాసన ముందు వచ్చి, దాని వెనకే మబ్బు వచ్చేది. తొక్కుడుబిళ్ళ ఆడుతున్న నేను ఒంటికాలి మీద నుంచే ఇంట్లోకి దూకేదాన్ని. మొదటి ఉరుము ఆగేలోపు వైరు నా చేతిలో ఉండేది. "సెయ్యంటే మా సిట్టిదే సెయ్యి" అని బాబాయి వచ్చినవాళ్ళందరితో చెప్పేవాడు. చదువులో నన్నెవరూ పొగడలేదు, అందుకని ఆ మాట నాకు బెల్లం ముక్క.

సుజాతక్కకు పద్మ ఒక్కతే స్నేహితురాలు. కళింగపట్నం నుంచి వచ్చి నరసన్నపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. ఆదివారం మా ఇంటికి వస్తే అమ్మ ఇద్దరికీ ఒకే కంచంలో పెట్టేది, ఇద్దరూ పులుసు కోసం కొట్టుకునేవాళ్ళు. సెలవులకు పద్మ ఊరెళ్ళిపోతే, అక్క రోజూ ల్యాండ్‌లైనులో వాళ్ళింటికి ఫోను చేసేది. ఆ ఆరంకెల నంబరు విని విని నాకూ కంఠతా వచ్చింది. ఎచ్చెర్ల వైపున్న ఒక ఇంజినీరింగు కాలేజీలో ఇద్దరికీ సీటు రావాలి, హాస్టల్లో ఒకే గది తీసుకోవాలి, అంతే వాళ్ళ కోరిక. కౌన్సెలింగుకు ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని ఇద్దరూ కూర్చుని జాబితా రాసుకున్నారు, ఒకరి పాస్‌వర్డు ఇంకొకరి పుస్తకంలో రాసుకున్నారు. పద్మ నెట్ సెంటర్‌లో మొదటిరోజే ఆప్షన్లు పెట్టేసింది. అక్కను బాబాయి వెళ్ళనివ్వలేదు. "ఆ కంప్యూటర్లకి మనం ఏటి నొక్కేమో తెలిసిపోతాది, మనమెల్లిపోయేక మార్సీగల్రు" అన్నాడు. మొదటిరోజుల్లో సైటు కూడా నమ్మదగింది కాదట. అలా ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆపాడు.

ఆ సాయంత్రం అమ్మానాన్నలు పొలంలో ఉన్నారు. అక్క తలస్నానం చేసి, తడిజుట్టుతోనే కంప్యూటరు ముందు కూర్చుని, జాబితా చూసుకుంటూ ఒక్కొక్కటే ఎక్కించింది. బాబాయి వెనక నిలబడి ప్రతిదానికీ రెండేసిసార్లు సరిచూశాడు. చివర్న సేవ్ నొక్కి, అక్క కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. తెర మధ్య చిన్న గుండ్రం తిరగడం మొదలైంది. అప్పుడే ఉరిమింది. బాబాయి టీవీ, ఫ్రిజ్జు ప్లగ్గులు తియ్యడానికి ముందుగదిలోకి పరిగెత్తాడు. అక్క కళ్ళు తెరవలేదు. గుండ్రం తిరుగుతూనే ఉంది, అది నేను ఒక్కదాన్నే చూశాను. చూస్తూనే వైరు పీకేశాను.

బాబాయి తిరిగొచ్చేసరికి జాబితా తెర మీద అలాగే ఉంది. "అన్నీ కనబడతన్నాయి కదా, అయిపోనాది" అని నా తల నిమిరాడు. ఉరుములు ఆగలేదు, తర్వాత కరెంటు పోయింది, గడువు తీరేదాకా మళ్ళీ వైరు పెట్టనివ్వలేదు.

సీట్లు ఇచ్చిన రోజు పద్మకు ఎచ్చెర్ల కాలేజీ వచ్చింది. అక్క పేరు ఎదురుగా ఏమీ లేదు. ఆప్షన్లు తెరిచి చూస్తే ఒక్కటీ లేదు. అక్క ర్యాంకు పద్మ ర్యాంకు కంటే మెరుగైనది. బాబాయి అక్క వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"పాస్‌వర్డు తెలిసినోల్లు ఇద్దరే. ఒకదానివి నువ్వు. రెండోదెవరో సూసుకో."

అక్క మొదట కాదంది. రెండు రోజులు కాదంది. మూడో రోజు పద్మ ఫోను చేస్తే తియ్యలేదు. అనుమానం చెదపురుగు లాంటిదంటారు, మా ఇంట్లో అది అంతసేపు కూడా తీసుకోలేదు. వారం తిరక్కుండా పద్మ బస్సెక్కి వచ్చింది. మా గుమ్మంలో, చేతిలో వాళ్ళమ్మ పేరు చెక్కిన స్టీలు డబ్బా పట్టుకుని, చెమటకు తడిసిన ఓణీతో నిలబడింది. అక్క లోపల తలుపేసుకుంది. బాబాయి అరుగు మీద స్క్రూడ్రైవరు తిప్పుకుంటూ తలెత్తలేదు. పద్మ కాసేపు చూసి డబ్బా నా చేతిలో పెట్టింది.

"అమ్మ సేసినాది. మీ అక్కకిష్టమని సెప్పి సేసినాది. ఇచ్చీ."

ఇవ్వలేదు. పెరట్లో బావి వెనక కూర్చుని మొత్తం నేనే తినేశాను. తింటుంటే ఏడుపొచ్చింది, అయినా ఆపలేదు. పద్మ ఏం చేయలేదని ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. చెబితే నా చెయ్యి ఇక చెయ్యి కాకుండా పోతుంది. ఆ పదకొండేళ్ళ పిల్లను ఇప్పటికీ నేను క్షమించలేదు. అమ్మ డబ్బా కడిగి, "ఒకల డబ్బా కాలీగా పంపకూడదు, ఏదో ఒకటి ఏసి పంపుదాం" అని గూట్లో పెట్టింది. పంపే ధైర్యం ఎవరికీ రాలేదు. కొన్నాళ్ళకు బాబాయి అందులో స్క్రూలు పోసుకున్నాడు. అక్కకు రెండో విడతలో ఎక్కడో దూరంగా, అడగని బ్రాంచిలో సీటు దొరికింది. నాలుగేళ్ళు చదివింది గానీ, మళ్ళీ ఎవరితోనూ ఒక కంచంలో తినలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. దేన్నీ నమ్మకపోతే జీతం పెరిగే పని. "సేవ్ అయింది" అని తెర చెప్పినా రెండోసారి తెరిచి చూస్తాను. ఫోను నా మాటలు వింటోందని అనుమానం, చేతికి కట్టిన గడియారం నా నిద్ర లెక్కపెట్టి ఎవరికి చెబుతోందని అనుమానం. బాబాయి అయితే ఈనాటికీ కూరగాయల బండి దగ్గర అంటించిన నలుపు తెలుపు గళ్ళ బొమ్మకు ఫోను చూపించడు.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని శ్రీకాకుళంలో ఉన్న అక్కకు ఫోను చేశాను. అక్క అక్కడ బడిలో లెక్కలు చెబుతోంది. ముందు స్క్రూల డబ్బా నా దగ్గరికి వచ్చిందని చెప్పాను, తర్వాత అసలు మాట.

"అక్కా, ఆ దినం నాను వైరు పీకీసరికి గుండ్రం ఇంకా తిరగతన్నాది. పద్మక్క ఏటీ సెయ్యనేదు."

లైను తెగిందేమోనని తెర చూశాను, సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"ఇన్నేల్లూ ఎందుకు సెప్పనేదే?"

"బయమేసినాది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆ డబ్బాలో ఏటి తెచ్చినాది?" అంది.

"కొబ్బరుండలు. అన్నీ నానే తినీసినాను."

అక్క ముక్కు చీదుకోవడం వినబడింది. పద్మ నంబరుందా అని అడిగితే, నాకొచ్చిన ఆరంకెలూ అప్పజెప్పాను. ఇద్దరం విడివిడిగా చేసి చూశాం. అలాంటి నంబరు లేదని ఎవరో ఆడమనిషి గొంతు తీరిగ్గా చెప్పింది. ల్యాండ్‌లైన్లు పోయాయి, నెట్ సెంటర్ ఉన్నచోట బిర్యానీ హోటలు పెట్టారు, మోడెమ్ నా అట్టపెట్టెలో ఉంది, దాని వైరు తెచ్చి పెట్టడానికి ఇప్పుడు గోడలో కన్నమే లేదు. వీటిలో ఏదీ పోయినందుకు నాకు బాధ లేదు.

"ఆ స్క్రూలు పారబోసీ," అంది అక్క. "డబ్బా సింతపండెట్టి తోమి తీసుకురా. కొబ్బరుండలు నాను సేస్తాను. కళింగపట్నంలో ఆల్ల ఈది నాకు తెలుసు."

వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారో లేదో తెలియదు. ఇన్నేళ్ళకు ఎందుకొచ్చారని పద్మ అనుమానించవచ్చు, తలుపేసుకోవచ్చు. వేసుకుంటే వేసుకోనీ. ఆదివారం మొదటి బస్సుకు బయలుదేరుతున్నాం. ఈసారి డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడే వంతు మాది.