గంగమ్మ రెక్కమీది సొట్ట

మునిశంకర్ ఎడమచెయ్యి విమానం రెక్క లోపల ఇనుపదిమ్మెను ఆనించి పట్టుకుంది. కుడిచేతిలోని కొయ్యసుత్తి పైనుంచి టకటకమని పడుతోంది. సొట్ట దెబ్బ దెబ్బకూ తగ్గిపోతోంది.

ఆ సొట్ట తీయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఊడిన అంచులు బిగించమన్నారు, అంతే. కానీ సొట్ట కనిపిస్తే మునిశంకర్ చెయ్యి ఆగదు. కుర్రతనంలో శ్రీనివాసపురం మామిడి మండీలో లారీలు తుడుస్తూ, రేకుపని చేసేవాళ్లను చూసి చూసి పట్టుకున్న పని అది. ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో బండ్ల సొట్టలు తీసే సొంత టింకరింగ్ షెడ్డు ఉంది. ఒకసారి పెళ్లిభోజనంలో బకెట్టుకు సొట్ట చూసి, వడ్డించేవాణ్ణి ఆపి, లోపలినుంచి బొటనవేలితో నొక్కబోయాడు. బకెట్టు నిండా సాంబారు ఉందని భార్య శశికళ మోచేత్తో పొడిచి చెప్పాల్సి వచ్చింది.

రెక్క బూదికోట గంగమ్మది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, పంటలకు మందు చల్లే విమానమొకటి ఇంజను ఆగి వాళ్ల రాగిచేలో దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రెక్క మాత్రం గట్టుమీది బండకు కొట్టుకుంది. కంపెనీవాళ్లు మిగతాదంతా తీసుకుపోయి దాన్ని వదిలేశారు. గంగమ్మ ఇంట్లో అది కోళ్లగూటికి పైకప్పయింది. బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన సోమశేఖర్, కేజీఎఫ్‌లో ఒక పాత షెడ్డు బాగుచేయించి, విమానాల మ్యూజియం పెడుతున్నాడు. బయటినుంచి తెచ్చినవి చాలానే ఉన్నాయి. ఈ జిల్లా మట్టిలో దిగింది ఈ రెక్క ఒక్కటే. అందుకే గంగమ్మను అడిగి తెచ్చి, బాగుచేయమని మునిశంకర్‌కు ఇచ్చాడు.

మ్యూజియం తెరిచే ముందురోజు, సోమశేఖర్ కూడా అక్కడ ఉండగా, రెక్కను చూడ్డానికి గంగమ్మ మునిశంకర్ షెడ్డుకు వచ్చింది. రెక్కమీద చెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమింది.

“నా సొట్ట యాడ?”

“తీసేసినానమ్మా. అద్దం మాదిరి ఉండాది, చూడు,” అన్నాడు మునిశంకర్ గర్వంగా.

“నిన్నెవురు తీయమన్నారప్పా? మా బండ తగిలి పడిన సొట్ట అది. వాన పడితే నా కోళ్లు గూడెక్కి దాంట్లోనే నీళ్లు తాగుతా ఉండె. ఇంగ ఇది ఎవురి రెక్కో. నా రెక్క నాకియ్యండి, బండిలో ఏసుకొని పోతాను.”

సోమశేఖర్ ముఖం వాడిపోయింది. “మునిశంకర్, అది పోతే నేను రేపు తలుపులు తెరిచి ఏం చూపించాలప్పా? ఎట్లైనా మళ్లీ ఏసియ్యి.”

మునిశంకర్ సుత్తి ఎత్తాడు. అది గాలిలోనే నిలిచిపోయింది. కావాలని సొట్ట వేయడం ఆయన చేతికి తెలియదు.

“ఏంప్పా, సుత్తికి జొరమొచ్చిందా?” అంది గంగమ్మ.

“నా బిందె జారి సొట్ట పడిందని వారం దినాలు సణిగిన మనిషమ్మా ఈయప్ప,” అంది శశికళ. “యాడ ఏస్తాడు!”

చివరికి కళ్లు మూసుకున్నంత పని చేసి కొట్టాడు. గంగమ్మ చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు చక్కగా, గుండ్రంగా నిలిచాయి.

“ఇది ఇడ్లీగుంట. నా సొట్టలో పుంజు లోతుండే పక్క తాగేది, పిల్లలు అంచులో తాగేవి.”

మునిశంకర్ ఆ గుంటను మళ్లీ తీసేసి, బూదికోటకు పోయి గట్టుమీది బండను తడిమాడు. ఒకవైపు మొన, ఒకవైపు వాలు. షెడ్డుకు వచ్చి అదే వంపు వచ్చేలా చింతకొయ్య దిమ్మె చెక్కాడు. దాన్ని రెక్కమీద పెట్టి సుత్తితో కొట్టాడు. ఒకసారి లొంగిన రేకు మళ్లీ ఆ దారినే దిగింది.

మరునాడు పొద్దున్నే గంగమ్మ మళ్లీ నీళ్లు పోసింది. ఒకపక్క లోతుగా నిలిచాయి, మరోపక్క పలుచగా పరుచుకున్నాయి. వేలు ముంచి చూసుకుంది.

“ఇంగ ఇది నాదే. పెట్టుకోండి.”

సోమశేఖర్ ఊపిరి పీల్చుకున్నాడు. “తీసి మళ్లీ వేసిన సొట్ట అని బోర్డులో నిజం రాస్తాను. నీ పేరూ రాస్తానప్పా.”

“వద్దు సార్!” మునిశంకర్ ఉలిక్కిపడ్డాడు. “సొట్టలేసేవాడని తెలిస్తే నా షెడ్డుకు బండి ఎవురు తెస్తారు?”

పక్కనే ఇంకో చిన్న నొక్కు కనిపించి ఆయన బొటనవేలు అటు కదిలింది. శశికళ ఆయన మణికట్టు పట్టుకుంది. మునిశంకర్ రెండో చేత్తో తువ్వాలు తీసి, సొట్టలో నీళ్లు ఒత్తి తుడిచి, రెక్కను సోమశేఖర్‌కు అప్పగించాడు.